నలభై సెకన్ల డబ్బా

వేణు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. డబ్బా మీద ఎర్ర దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తి ఫ్యాను వైపు చూశారు. అది ఇంకో నాలుగు చుట్లు బద్ధకంగా తిరిగి, ఐదో చుట్టు సగంలో ఆగింది. "పోయె," అన్నాడు వేణు. "మల్ల ఎప్పుడొస్తదో ఆ బొగ్గుబాయిలోళ్లకే ఎరుక. గంటన్న పడ్తదక్కా, కూసో." గనుల వాళ్లు సమ్మెలో ఉన్నారు కాబట్టి బొగ్గు లేదు, బొగ్గు లేదు కాబట్టి కరెంటు లేదు, ఆ సమ్మె చేసేవాళ్ల ముందు పాడటానికే చంద్రి ఈ డబ్బా కొనడానికి వచ్చింది కాబట్టి ఎవరినీ తిట్టుకునే వీలు కూడా లేదు. ఆమె ఇనుప స్టూలు మీద కూర్చుంది. మాట్లాడొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి చాలా సంగతులు లోపలే మిగుల్చుకుంటోంది. ఆ జబ్బుతో వచ్చిన లాభం అదొక్కటే.

వేణుది జనగామ స్టేషను రోడ్డులో మైకుసెట్లు బాగుచేసే కొట్టు. పెళ్లి బ్యాండ్ల వాళ్లు, భజనల వాళ్లు, చర్చి వాళ్లు అమ్ముకున్న పాత సామాన్లు కూడా అక్కడే దొరుకుతాయి. కౌంటరు మీద ఇప్పుడు రెండు డబ్బాలున్నాయి. ఎడమవైపుది కొత్తది, కవరు కూడా విప్పలేదు, మీద ఎనిమిది రబ్బరు పలకలు, పుల్లతో కొట్టినా చేత్తో కొట్టినా మోగుతుంది, డప్పు, డోలు, తబలా, చివరికి ఉరుము కూడా కంపెనీవాడే లోపల పెట్టి పంపాడు. కుడివైపుది పాతది, ఎవరెవరి చేతుల్లోనో పడీ పడీ మూలలు నున్నబడిపోయాయి. దాన్ని సాంప్లరు అంటారట. దానిలో ముందుగా ఏ చప్పుడూ ఉండదు, మైకులో మనం ఏది వినిపిస్తే అది పట్టుకొని, మీట నొక్కినప్పుడల్లా అదే తిరిగి వినిపిస్తుంది. "అన్ని గలిపి నలభై సెకన్లు పడ్తదక్కా. పట్టినంక సేవ్ జెయ్యాలె. చెయ్యకముందు కరెంటు వోయిందనుకో, అంత పాయె," అని వేణు ముందే చెప్పాడు. కొత్తది తీసుకుంటే మధుకర్ సారు ఇచ్చిన డబ్బుల్లో కొంత మిగులుతుంది. పాతదే ధర ఎక్కువ, అట్లాంటివి దొరకడం అరుదు, దానికి ఆ డబ్బులు చాలవు, తన మందుల డబ్బులు కూడా కలపాలి. బేరమాడితే తగ్గించేలాగే ఉన్నాడు. కానీ బేరమాడాలంటే మాట్లాడాలి.

మధుకర్ సారు బడిపంతులు, ఆయనా సమ్మెలోనే ఉన్నాడు, ఉద్యమ పాటల ధూంధాం బృందాన్ని నడిపేది ఆయనే. పొద్దున మహబూబాబాద్ స్టేషనులో రైలెక్కిస్తూ, కిటికీ చువ్వలు పట్టుకొని మరీ చెప్పాడు. "కొత్తదాని జోలికి వోకు చెల్లె. గొంతు పట్టేదే తే. సెల్లుల నీ పాట ఉన్నది గద, అది దాంట్ల ఎక్కించుకొని రా. ఎల్లుండి భూపాలపల్లిల నువ్వు ఊకె నిలవడితే చాలు. మీట మేం నొక్కుతం." ఊరికే నిలబడటం. లంబాడీల ఎర్ర ఫేటియా పావడా కట్టుకొని, అద్దాల రవిక తొడుక్కొని, చేతులనిండా తెల్లగాజులు వేసుకొని నిలబడటం. ఇంటి దగ్గర ఎన్నడూ వేసుకోదు అవన్నీ, పదో తరగతి నుంచీ చీరే కడుతుంది, కానీ స్టేజీ మీద తండా బిడ్డ తండా బిడ్డలాగే కనబడాలంటారు. అద్దాలు మెరవాలి, పెదవులు కదలాలి, నిరుటి గొంతు డబ్బాలోంచి రావాలి. ఆమె కాదనలేదు. కాదంటే ఏం మిగులుతుంది, జీపులో ముందు సీటు పోతుంది, వేడినీళ్లు అక్కకు తెండ్రా అనే కేక పోతుంది, చంద్రక్కా అని ఊరూరా పిలిచే ఆ పిలుపు పోతుంది. నర్సింహులపేట పక్కన తండాలో చంద్రి అంటే ఎవరు, మిరపతోటలో వంగే నలభై మందిలో ఒకతె. ఈ డబ్బా కొంటే తాను బృందంలో ఉంటుంది, గొంతు లేకపోయినా ఉంటుంది. కొనకపోతే ఇంటికి పోవాలి. ఇంత సులువైన లెక్కకు గంటసేపు కూర్చోబెట్టింది ఈ కరెంటు.

ఫ్యాన్లు, టీవీలు, పక్క సెల్లు దుకాణంలో పాటలు, అన్నీ ఆగిపోయాక జనగామ చప్పుళ్లు ఒక్కటొక్కటే బయటికొస్తున్నాయి. బజ్జీ నూనెలో పడ్డ చప్పుడు, మూడు సెకన్లు. ఆటోవాడు తాడు లాగడం, అది అంటుకోకపోవడం, వాడు దాని అమ్మను గుర్తుచేసుకొని మళ్లీ లాగడం, ఏడు. నల్లకోట్ల వకీళ్ల ఊరేగింపు పోతోంది, జై తెలంగాణ, రెండు సెకన్లు, మళ్లీ రెండు. వేణు నలభై సెకన్లన్నప్పటి నుంచీ ఆమె చెవికి ఇదే పని అయింది, ప్రతిదాన్నీ కొలుస్తోంది, ఇది పడుతుందా, ఇది పట్టదా అని. బస్టాండు వైపు చప్పుడే లేదు, బస్సులు కూడా సమ్మెలో ఉన్నాయి. ఆ నిశ్శబ్దమంతా డబ్బాలో పెట్టాలంటే ఎన్ని సెకన్లు కావాలి. అమ్మ చేయి కదిపితే వచ్చే చప్పుడు, మోచేతి పైదాకా గాజులు కదా, రొట్టె తట్టేటప్పుడు చరచరమని ఒక వరస, రొట్టె తిప్పేటప్పుడు ఇంకో వరస, కళ్లు మూసుకున్నా ఎన్ని రొట్టెలయ్యాయో చెప్పొచ్చు. ఒక రొట్టెకు పది సెకన్లు వేసుకున్నా నాలుగు రొట్టెలు పడతాయి. నాలుగు రొట్టెలు ఒక మనిషికి చాలు. అది ఎవరూ పట్టి ఉంచలేదు, అమ్మ ద్వాళి బతికున్నన్నాళ్లూ అది పట్టి ఉంచాల్సిన చప్పుడని ఎవరికీ తోచలేదు.

పాట మొదలైంది కూడా అమ్మ పక్కనే. మిరపకాయలు ఏరేటప్పుడు ఘాటుకు అందరూ దగ్గుతుంటే దగ్గు మరిచిపోవడానికి అమ్మ ఏదో ఒకటి ఎత్తుకునేది, వెనక వరసలోంచి చంద్రి అందుకునేది, ఆసామి గట్టు మీద నిలబడి పాట కాదు చేతులు నడవాలె అనేవాడు, పాట ఉంటేనే చేతులు నడుస్తాయని వాడికి తెలిసే అనేవాడు. బడిలో మాత్రం నోరు విప్పితే నవ్వేవాళ్లు. ఇంట్లో లంబాడీ మాట, బయట తెలంగాణ మాట, పుస్తకంలో మూడోది. సినిమాల్లో తన మాట మాట్లాడేవాడు ఎప్పుడూ దొంగో తాగుబోతో అయి ఉండేవాడు, హాలంతా నవ్వుతుంటే ఆమె కూడా నవ్వేది, ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే. అదే మాటతో నర్మెట్టలో మొదటిసారి మైకు పట్టుకుంటే రెండు వేల మంది చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మూడేళ్లయింది, ఆ తర్వాత సరిగా నిద్రపోయిన రాత్రే లేదు, జీపులో తల కిటికీకి కొట్టుకుంటూ, దిగగానే వేడినీళ్లు, మిరియాలు, మళ్లీ మైకు.

చంద్రి పాడేది బిడ్డను పోగొట్టుకున్న తల్లి పాట. తెలంగాణ కోసమని కాగితం రాసిపెట్టి ప్రాణం తీసుకున్న పిల్లల తల్లులు ముందు వరసలో కూర్చునేవాళ్లు, నిర్వాహకులే కుర్చీలు వేసి కూర్చోబెట్టేవాళ్లు, ఆ తల్లులకు కుర్చీలో కూర్చోవడం అలవాటుండేది కాదు, అంచున కూర్చొని కొంగు సర్దుకుంటూ ఉండేవాళ్లు. లింగాల ఘనపూర్‌లో పాట అయిపోయాక సాలమ్మ అనే ఒకామె స్టేజీ పక్కకొచ్చి చేయి పట్టుకుంది. "మా పిలగాని పేరు గూడ గలుపు బిడ్డా. ఒక్కసారి మైకుల అను." చంద్రి మళ్లీ మైకు అందుకొని ఆ పేరు అంది. అంతే, ఇక ప్రతి ఊళ్లో ఒక పేరు, ఒక్కోసారి రెండు పేర్లు, ఒక పేరు కలిపి ఇంకో పేరు వదిలేయడం ఆమెకు చేతకాలేదు. ఆరు నిమిషాల పాట పదకొండు నిమిషాలైంది. మధుకర్ సారు గడియారం చూపించేవాడు, ఆమె చూడనట్టు ఉండేది. పెద్ద దవాఖానలో డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసి, పార పట్టిన చేతికి కాయలు కాస్తాయి చూడు, అట్లా నీ గొంతులో కాశాయమ్మా అన్నాడు. ఆర్నెల్లు నోరెత్తొద్దన్నాడు. ఏ పేరు దగ్గర కాసింది మొదటి కాయ. నవ్వొచ్చింది ఆమెకు, ఊళ్లకు ఊళ్లు గొంతు చించుకుంటున్న రోజుల్లో తనొక్కతెనే మూసుకొమ్మన్నాడని. ఆ నవ్వు కూడా గాలిగానే వచ్చింది.

అమ్మ పోకపోతే ఆ డాక్టరు దగ్గరికి పోయేదే కాదేమో, ఆయన చెప్పిన ఆర్నెల్లు ఇంకా నిండలేదు. అమ్మ పోయి ఏడు నెలలైంది. అప్పటికే గొంతు బొంగురు పోయి ఉంది, అయినా భూపాలపల్లిలో పాడి తెల్లారేసరికి ఫోను, తండా చేరేసరికి మధ్యాహ్నం. అమ్మను బయట పడుకోబెట్టారు. ఆడవాళ్లందరూ దారి చూస్తున్నారు, ఎందుకంటే బిడ్డ రావాలి, బిడ్డ ఢావ్లో ఎత్తుకోవాలి. ఢావ్లో అంటే ఏడుపే, కానీ రాగం కట్టి ఏడవాలి, మాటలు కట్టి ఏడవాలి, పెళ్లయి పోయేటప్పుడు అదే, చాన్నాళ్లకు చుట్టాలు కలిస్తే అదే, మనిషి పోతే అదే. ఒకతె ఎత్తుకుంటే విన్న ఆడమనిషి వచ్చి మెడ మీద చేతులు వేసి బదులు ఏడవాలి, ముఖం తెలిసినా తెలియకపోయినా. చంద్రి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది, చేతులు చాచింది, నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ తెరిచింది. అంతమంది ఆడవాళ్లు బదులు ఏడవడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు, ఎత్తుకునేవాళ్లు లేక ఊరికే నిలబడి ఉన్నారు. చివరికి పెద్దమ్మే ఎత్తుకుంది. అయ్యాక నీళ్లు తాగుతూ ఆమె అన్న మాట చంద్రి చెవిలో రోజూ మోగుతుంది, దానికి మీట అక్కర్లేదు. "ఊరందరి పిల్లలకు ఏడ్చి ఏడ్చి కన్నతల్లికి మిగల్చకపాయె." నాలుగు సెకన్లు.

అలసట ఇదీ అని చూపించడానికి ఏముంటుంది. కాళ్లు బాగానే ఉన్నాయి. బృందంలో జ్యోత్స్న అని ఒక పిల్ల ఉంది, చర్చిలో పాడి పాడి నేర్చుకుంది, ఆమె గొంతు ఎత్తు నుంచి జారేటప్పుడు కూడా చెదరదు. బాగా పాడుతుంది. చంద్రికి ఆ పిల్లతో ఉన్న తగువు అదొక్కటే. "అక్కా, నీ పాట నాకు జెప్తవా, పేర్లన్ని రాసుకుంట," అని రెండుసార్లు అడిగింది. గొంతు బాగయ్యాక చెప్తానంది చంద్రి, గొంతు బాగైతే చెప్పే అవసరమేముంటుందని ఆ పిల్ల అడగలేదు, మంచిది కాబట్టి అడగలేదు. సెల్లులో పాట పట్టింది కూడా ఆ పిల్లే. ఎక్కించాలంటే అందులోంచి నలభై సెకన్లు కోయాలి. పల్లవి, ఆ చివర రాగం, అంతే సరిపోతాయి. పేర్లు పట్టవు. ఎల్లుండి భూపాలపల్లిలో ఎవరో ఒకామె స్టేజీ పక్కకొస్తుంది, ఎక్కడికి పోయినా వస్తుంది, మా పిలగాని పేరు అంటుంది. డబ్బాకు ఎవరు చెప్తారు. పెదవులు కదుపుతున్న తాను ఆమెకు ఏమని చెప్తుంది. ఈ ఆలోచన పొద్దున రైల్లో కూడా వచ్చింది, కాజీపేట దగ్గర పల్లీలు కొనుక్కొని మరిచిపోయింది. ఇక్కడ పల్లీలు లేవు. ఆమె పాత డబ్బా మూల మీద వేలు పెట్టి చూసింది, నున్నగా, చల్లగా ఉంది.

ఫ్యాను కదిలింది. "అచ్చె, అచ్చె," అంటూ వేణు లేచాడు, గబగబా ప్లగ్గులు పెట్టాడు, పాత డబ్బాకు మైకు తగిలించి, బాగుచేయడానికొచ్చిన పెద్ద స్పీకరొకటి రోడ్డు వైపు తిరిగి ఉంటే దానికే వైరు ఇచ్చాడు. "సెల్లుది పెట్టకముందు మైకు పని జేస్తుందా సూద్దామక్కా. ఏదన్న అను." ఆమె తల అడ్డంగా ఊపింది. "ఏదన్న అక్కా. ఒకటి రెండు మూడన్న అను. నువ్వు గింత పెద్ద పాటగత్తెవు, నేనంటె బాగుంటదా." ఎర్ర దీపం వెలిగింది. ఆమె ఒకటి అనాలనే నోరు తెరిచింది. ఎదురుగా ఎవరూ లేరు, అద్దాల రవిక లేదు, చూస్తూ నిలబడ్డ ఆడవాళ్లు లేరు, పాడైన స్పీకర్ల మధ్య ఒక మైకు ఉంది, అది ఏమీ అనుకోదు. "యాడీ," అంది, అమ్మా అని. పగిలిన గొంతే, సగం గాలే, కానీ ఆ సగం గాలి మీదే రాగం ఎక్కింది. యాడీ, నేను వచ్చాను, ఆలస్యంగా వచ్చాను, లేచి కూర్చోవేం, తెల్లగాజుల చేతులు నా మెడ మీద వేయవేం, ఊరూరా తిరిగిన బిడ్డ ఉత్త గొంతుతో వచ్చింది, రొట్టె పెట్టవేం. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు తెలియదు. డబ్బాకు తెలుసు, నిండగానే దీపం ఆర్పేసింది.

వేణుకు ఆ భాష రాదు. "పడ్డదక్కా, మంచిగ పడ్డది," అని మీట నొక్కాడు. యాడీ అంది రోడ్డు. సరిగా ఉందో లేదో చూద్దామని మళ్లీ నొక్కాడు, చెవి పక్కకు వంచి మూడోసారి నొక్కాడు. చంద్రి గోడ పట్టుకొని నిలబడి తన ఏడుపు తాను వింది. వింటే ఊరుకోకూడదు, బదులు ఏడవాలి, కానీ తనకు తాను ఎట్లా బదులు చెప్పాలో తండాలో ఎవరూ నేర్పలేదు. అప్పుడు దుకాణం మెట్ల మీద గంప దించిన చప్పుడైంది. సీతాఫలాలు అమ్ముకునే ముసలి లంబాడీ ఆవిడ ఒకతె, చెప్పులు విప్పి, కొంగు తల మీదికి లాక్కొని లోపలికొచ్చింది. ఎవరు ఏడుస్తున్నారని అడగలేదు, దుకాణంలో ఉన్న ఒక్క ఆడమనిషినీ చూసింది, రెండు చేతులూ మెడ చుట్టూ వేసింది, రాగం అందుకుంది. ఎవరు పోయారు బాయీ, ఎవరు పోయారు చెల్లీ, ఏ దారిన పోయారు, నేనూ అమ్మను పోగొట్టుకున్నదాన్నే, నా చేతులు అమ్మ చేతులనుకో. ఆమె గాజులు చంద్రి చెవి పక్కన చరచరమన్నాయి. చంద్రి బదులు ఏడ్చింది. మా అమ్మ ద్వాళి పోయింది, ఏడు నెలలైంది, ఎత్తుకోలేకపోయాను, సిగ్గుపడ్డాను. గొంతు విరిగిన చోటల్లా ముసలావిడ అందుకుంది, విరిగిందని ఆమెకు పట్టనే లేదు, ఏడ్చే గొంతు విరగకుండా ఎట్లా ఉంటుంది.

ఫ్యాను ఆగిపోయింది. స్పీకరులో రాగం సగంలో తెగింది. ఆడవాళ్లిద్దరూ ఆగలేదు, ఇంకాసేపు ఏడ్చి, ముగించాల్సిన తీరులో ముగించి, కళ్లు తుడుచుకున్నారు. బిత్తరపోయి నిలబడ్డ వేణు అప్పుడు డబ్బా వైపు చూశాడు. "అయ్యో అక్కా, సేవ్ జెయ్యకపోతి. అంత పాయె. కరెంటు రాంగనె మల్ల పట్టుదాం, నువ్వు జర గట్లనే ఏడ్వాలె."

"పోనీ తమ్మీ," అంది చంద్రి. "ఈమె ఇన్నది గద."

ముసలావిడ పేరు లచ్చి. అమ్మ ఎట్లా పోయింది, ఏ తండా, ఎంతమంది అన్నదమ్ములు అని ఇప్పుడు అడిగింది, వరస ప్రకారం ఏడుపు ముందు, వివరాలు తర్వాత. ఇంతలో సెల్లు మోగింది. మధుకర్ సారు.

"గొంతు ఎక్కిందా చెల్లె?"

"ఎక్కలే సారూ. కొత్తది, చప్పుళ్లదే తెస్తున్న."

"అరె, మరి పాటెట్ల?"

"జ్యోత్స్న పాడ్తది. ఇయ్యాల్టి సంది నేర్పుత. పేర్లన్ని రాయిస్త, ఒక్కటి గూడ ఇడవద్దని జెప్త."

"మరి నువ్వు?" అన్నాడాయన, పంతులు గొంతు తగ్గించి.

"నేను పక్కన గూసొని డబ్బా కొడ్త. చీర మీదనే వస్త," అంది, అని ఫోను పెట్టేసింది. ఇచ్చేశానా అనుకుంది, ఇచ్చేశాను, మూడేళ్ల పాట ఆ పిల్లకు ఇచ్చేశాను. నొప్పిగానే ఉంది. గొంతులో కాదు, ఇంకా కిందెక్కడో. వేణు కొత్త డబ్బాను అట్టపెట్టెలో పెట్టి తాడు కడుతున్నాడు, పాతదాన్ని మాత్రం తెలియకుండానే తన వైపు జరుపుకున్నాడు.

లచ్చి గంప ఎత్తమంది. చంద్రి ఒక వైపు పట్టి ఆమె తల మీదికెత్తింది, లచ్చి ఒక పండు తీసి ఆమె చేతిలో పెట్టి రోడ్డు మీదికి నడిచింది. "సీతాపలాలో," అని అరిచింది, ఇప్పుడే ఏడ్చిన గొంతు, బొంగురుగా, సగం గాలిగా, అదే గొంతుతో మళ్లీ అరిచింది, స్టేషను వైపు తిరిగి ఇంకోసారి. చంద్రి ఆ కేక వినబడినంతసేపూ మెట్ల మీదే నిలబడింది. సెకన్లు లెక్కపెట్టలేదు.